హైదరాబాద్‌లో తుపాకీ లైసెన్సు సేవ: ఈ తనిఖీ నేరాన్ని ఎంతవరకు ఆపుతుంది?

నగర పోలీసులు అందించే సేవల్లో జనానికి అతి తక్కువ తెలిసినది ఆయుధ లైసెన్సుల విభాగం. పాస్‌పోర్టు ఎంక్వైరీ ఎలా జరుగుతుందో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చెబుతారు. తుపాకీ లైసెన్సు మాట ఎత్తితే మాత్రం బ్రోకర్లు చెప్పిన మాటలే చక్కర్లు కొడుతుంటాయి. మామూలుగా ఏ సేవనైనా పని ఎంత త్వరగా అయింది, ఎంత ఖర్చయింది, ఎలా మాట్లాడారు అని చూస్తాం. దీనికి ఆ కొలతలు చాలవు. లైసెన్సు తొందరగా చేతికొస్తే దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు సంతోషమే. అదే అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటువాళ్ల సంగతేమిటి? అందుకే ఇక్కడ చూసేది ఒక్కటే: ఈ సేవ వల్ల నేరం తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ ఒక్క చోటే. మనిషిని పోలీసు ఎదుట నిలబెట్టి, అతని ఇల్లు, ఇరుగుపొరుగు, పాత కేసులు చూశాక గానీ ఆయుధం ఇవ్వని దశ ఒకటుంది. అది నిజంగా ప్రాణాలు కాపాడే దశ. అది దాటాక ఈ సేవ సన్నగిల్లిపోతుంది. అసలు ఆ దశలోకే రాని తుపాకులను ఇది తాకదు.

ముందు పని ఎలా సాగుతుందో చూద్దాం. ఆయుధాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోని అంశం. తెలంగాణకు సొంత తుపాకీ చట్టం లేదు. 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నిబంధనలు ఇక్కడా అవే. రాష్ట్రం చేతిలో ఉన్నది అమలు. జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్ లైసెన్సు ఇచ్చే అధికారి. 9 ఎంఎం, .303 లాంటి నిషేధిత బోర్లు (బోరు అంటే తుపాకి గొట్టం సైజు) కేంద్ర హోంశాఖ పరిధిలోవి. మామూలు పౌరులు అడిగేది ఎక్కువగా .32 రివాల్వర్, .32 పిస్టల్, లేదా 12 బోరు డబుల్ బ్యారెల్.

జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్, అంటే ఎన్‌డీఏఎల్ పోర్టల్‌లో ఫారం ఏ-1 నింపడంతో దరఖాస్తు మొదలవుతుంది. 21 ఏళ్లు నిండి ఉండాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగు, పుట్టిన తేదీకి, గుర్తింపుకు, చిరునామాకు రుజువులు కావాలి. మానసికంగా, శారీరకంగా ఆరోగ్యంగా ఉన్నారనీ మత్తు పదార్థాల అలవాటు లేదనీ డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆయుధాన్ని భద్రంగా పట్టుకోవడం, దాచడంలో శిక్షణ తీసుకున్నట్టు పత్రం కూడా కావాలి. ఫైలు మీ ఠాణాకు వెళ్తుంది. ఠాణా అధికారి (ఎస్‌హెచ్‌వో) 30 రోజుల్లో నివేదిక పంపాలని, అది అందిన 60 రోజుల్లో లైసెన్సు అధికారి తేల్చాలని నిబంధనలు చెబుతాయి. కాదంటే కారణం రాసి ఉంచాలి. ప్రజాహితం దృష్ట్యా వద్దనుకుంటే తప్ప, అడిగితే ఆ కారణాలు క్లుప్తంగా మీకు ఇవ్వాలి. ఆస్తి తక్కువ ఉందన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని చట్టంలోనే ఉంది. తిరస్కరణ మీద 30 రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు.

దరఖాస్తులో అసలు కీలకం “ఎందుకు కావాలి” అన్న గడి. చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు. “వ్యాపారం చేస్తున్నాను, ప్రాణభయం ఉంది” అన్న ఒక్క వాక్యం దేనికీ పనికిరాదు. బెదిరింపు వస్తే ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి, అప్పుడు ఠాణాలో ఫిర్యాదు చేశారా, ఎఫ్‌ఐఆర్ నంబరెంత అన్నది కాగితం మీద ఉండాలి. నగదు మోసే వృత్తైతే ఎంత మొత్తం, ఏ దారిలో, ఎంత తరచుగా అన్నది చూపించాలి. హోదా కోసం నడుముకు రివాల్వర్ కావాలనుకునే రియల్ ఎస్టేట్ పెద్దమనుషులు ఈ గడి దగ్గరే ఆగిపోతారు. ఆగిపోవాలి కూడా.

రెండో పొరపాటు చిరునామా. ఆధార్‌లో సొంతూరి అడ్రసు, ఉండేది అమీర్‌పేటలో అయితే విచారణ రెండు ఠాణాల మధ్య నలుగుతుంది. ముందు అడ్రసు మార్పించుకోవడం మేలు. మూడోది పాత కేసులు దాచడం. భార్యాభర్తల గొడవలో కేసైనా, భూమి తగాదాలో కేసైనా, కొట్టేసిన కేసైనా రాయాల్సిందే. ఠాణాల రికార్డులన్నీ సీసీటీఎన్‌ఎస్ అనే దేశవ్యాప్త పోలీసు కంప్యూటర్ నెట్‌వర్క్‌లో కలిసి ఉన్నాయి, దాచినా బయటపడుతుంది. కేసు ఉన్నందుకంటే దాచినందుకే దరఖాస్తు పోయే అవకాశం ఎక్కువ.

ఇక బ్రోకర్ల సంగతి. “నాగాలాండ్ లైసెన్సు, జమ్మూ లైసెన్సు నెలలో చేయిస్తాం” అనేవాళ్ల దగ్గర ఒక్క రూపాయి పెట్టకండి. ప్రతి లైసెన్సుకూ ఎన్‌డీఏఎల్‌లో ఒక విశిష్ట సంఖ్య, యూఐఎన్, ఉంటుంది. అది లేని లైసెన్సు చెల్లదు. చెల్లని లైసెన్సుతో చేతిలో ఉన్న తుపాకి చట్టం దృష్టిలో అక్రమ ఆయుధమే.

ఇంత తతంగం వల్ల నేరం నిజంగా తగ్గుతుందా అన్న ప్రశ్నకు మన దగ్గర ఒకే చట్టం ఉండటం వల్ల పోల్చి చూసే వీలు తక్కువ. అమెరికాలో రాష్ట్రానికో చట్టం కాబట్టి అక్కడ చూడొచ్చు. పిల్లలను అక్కడికి చదువుకు పంపిన ఇళ్లు హైదరాబాద్‌లో వీధికి నాలుగుంటాయి గనుక ఇది మనకు దూరపు విషయమేమీ కాదు.

కనెక్టికట్ 1995లో ఒక చట్టం తెచ్చింది. చేతి తుపాకి కొనాలంటే ముందు పోలీసుల దగ్గర పర్మిట్ తీసుకోవాలి, శిక్షణ పూర్తిచేయాలి, నేర చరిత్ర తనిఖీ దాటాలి. మిస్సోరిలో ఇలాంటి పర్మిట్ 1921 నుంచి ఉండేది, కౌంటీ (జిల్లా లాంటిది) పోలీసు అధికారి అయిన షెరీఫ్ ఇచ్చేవాడు. 2007లో ఆ రాష్ట్రం దాన్ని ఎత్తేసింది. ఒకచోట పెట్టడం, ఒకచోట తీసేయడం: పరిశోధకులకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. 1985 నుంచి 2017 దాకా లెక్కలు చూసి 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం, చట్టం లేకపోతే ఉండేదనుకున్న స్థాయితో పోలిస్తే కనెక్టికట్‌లో తుపాకీ హత్యలు సుమారు 28 శాతం తగ్గాయి. మిస్సోరిలో సుమారు 47 శాతం పెరిగాయి. 2018 జూలైలో వరంగల్ విద్యార్థి ఒకరు కాల్పుల్లో చనిపోయింది మిస్సోరిలోని కాన్సస్ సిటీలోనే. ఆ ఒక్క ఘటనను ఒక చట్టానికి ముడిపెట్టడం న్యాయం కాదు. కానీ పిల్లలు ఏ రాష్ట్రానికి వెళ్తున్నారో చూసేటప్పుడు యూనివర్సిటీ ర్యాంకుతో పాటు ఇది కూడా చూడాల్సిన విషయమే.

ఇదే చోట రెండో సంగతి గట్టిగా పట్టుకోవాలి. దుకాణంలో కౌంటర్ దగ్గర కంప్యూటర్‌లో పేరు కొట్టి చూసే తనిఖీ ఒక్కటే ఉంటే ఫలితం అంతగా కనపడలేదు. కాలిఫోర్నియా 1991లో ప్రైవేటు అమ్మకాలతో సహా అన్నిటికీ తనిఖీ తప్పనిసరి చేసింది. తర్వాతి పదేళ్లలో తుపాకీ హత్యల రేటులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. తేడా ఎక్కడుంది? కౌంటర్ తనిఖీని ఇంకొకరి పేరు మీద కొని దాటేయొచ్చు. నేర చరిత్ర లేని స్నేహితుడో, బంధువో వెళ్లి కొనుక్కొచ్చి చేతిలో పెడతాడు. అదే పోలీస్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి, ఫొటో, వేలిముద్రలు ఇచ్చి, శిక్షణకు కూర్చోవాలంటే అలా తన పేరు అరువిచ్చేవాడు వెనకాడతాడు. మన ఠాణా విచారణ సరిగ్గా ఈ రకానిదే. సతాయింపు అనిపించే ఆ భాగమే ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది. దాన్ని ఆన్‌లైన్ పేరుతో పలచన చేయాలన్న ఏ ప్రతిపాదననైనా మేం వ్యతిరేకిస్తాం.

పొరుగు రాష్ట్రం వదులుగా ఉంటే గట్టి చట్టం కూడా సగమే పనిచేస్తుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని షికాగో నగరం 2017లో ఇచ్చిన నివేదికలో, నేరాల్లో దొరికిన తుపాకుల్లో 60 శాతం పైగా రాష్ట్రం బయటినుంచి వచ్చినవని తేలింది. పక్కనున్న ఇండియానా ఒక్కదాని నుంచే అయిదో వంతు వచ్చాయి.

మన దగ్గర చట్టం ఒకటే అయినా ఇలాంటి చిల్లు ఉంది. 2016 చివరి నాటికి దేశంలో సుమారు 33.7 లక్షల లైసెన్సులుంటే ఉత్తరప్రదేశ్‌లోనే 12.8 లక్షలు, జమ్మూకశ్మీర్‌లో 3.7 లక్షలు. జమ్మూకశ్మీర్‌లో 2012 నుంచి 2016 మధ్య అర్హత లేనివాళ్లకు 2.78 లక్షల లైసెన్సులు ఇచ్చారన్న ఆరోపణ మీద సీబీఐ దర్యాప్తు చేసింది. అక్కడ సంతకం పడితే ఇక్కడ మనకేంటి అనుకోవద్దు. 2022లో హైదరాబాద్ పోలీసులు నగదు వాహనాల వెంట తిరిగే గార్డుల దగ్గర జమ్మూకశ్మీర్ పేరుతో ఉన్న నకిలీ లైసెన్సులు, వాటితో కొన్న తుపాకులు పట్టుకున్నారు. చట్టంలో అక్షరం మారలేదు, అమలు చేసే బల్ల మారింది, అంతే. రాష్ట్రాల మధ్య తేడా మన దేశంలో ఈ రూపంలో ఉంటుంది.

లైసెన్సు సేవ అస్సలు చేరలేని చోటు కూడా చెప్పాలి. 2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎం నగదు దోచుకున్న ముఠా అదే రోజు అఫ్జల్‌గంజ్‌లో కాల్పులు జరిపింది. అదే ఏడాది ఆగస్టు 12న చందానగర్‌లో పట్టపగలు ఒక నగల దుకాణంలోకి చొరబడ్డ ముఠా తుపాకి పేల్చి ఒక ఉద్యోగిని గాయపరిచింది. ఇలాంటి ముఠాలు ఫారం ఏ-1 నింపి రావు. బిహార్‌లోని ముంగేర్, మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్, ఖర్గోన్ వైపు నుంచి వచ్చే తపంచాలకు, నాటు పిస్టళ్లకు యూఐఎన్ ఉండదు, అమ్మినవాడి రిజిస్టర్ ఉండదు. జాతీయ నేర గణాంకాల్లో ఏటా కనపడేదీ ఇదే. తుపాకితో జరిగే హత్యల్లో అత్యధిక భాగం లైసెన్సు లేని ఆయుధాలవే. దీన్ని చూపించి “అయితే లైసెన్సు చట్టమే దండగ” అనేవాళ్లున్నారు. లెక్క తప్పు. లైసెన్సున్న తుపాకులు నేరాల్లో అరుదుగా కనపడటమే ఆ తనిఖీ పనిచేస్తోందనడానికి ఒక గుర్తు. మిగతాది రైళ్లలో, బస్సుల్లో, లాడ్జీల్లో సోదాలు చేసే టాస్క్‌ఫోర్స్ పని. దానికోసమే ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ శిక్షలు పెంచింది. లైసెన్సు లేకుండా మామూలు తుపాకి ఉంచుకుంటే కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు. నిషేధిత ఆయుధమైతే 7 నుంచి 14 ఏళ్లు. శిక్ష ఎంత పెంచినా సరుకు వచ్చే దారి మూయకపోతే ఉపయోగం తక్కువ, ఇది మా అభిప్రాయం.

ఇప్పుడు ఈ సేవలో మాకు నచ్చని భాగం. 2019 సవరణ ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకులను 3 నుంచి 2కు తగ్గించింది, అది మంచి పని. కానీ అదే సవరణ లైసెన్సు కాలాన్ని 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెంచింది. లైసెన్సు తీసుకున్న రోజు ఆరోగ్యంగా, ప్రశాంతంగా ఉన్న మనిషి 5 ఏళ్లూ అలాగే ఉంటాడని ఎవరు చెప్పగలరు? అప్పులు, మద్యం, విడాకులు, డిప్రెషన్, పొలం గట్టు తగాదా. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో స్థానిక గొడవలో ఒక నాయకుడు పేల్చింది లైసెన్సున్న రివాల్వరే. గాయపడ్డవాళ్లలో ఒకరు ప్రాణం కోల్పోయారు. లైసెన్సు సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం సెక్షన్ 17 కింద ఉంది. కానీ ఎవరో ఒకరు ఠాణాకు చెబితే గానీ అది కదలదు. ఇంట్లోవాళ్లు ధైర్యం చేసి “ఈయన పరిస్థితి బాగోలేదు, తుపాకి కొన్నాళ్లు మీ దగ్గర పెట్టుకోండి” అని రాసిస్తే పోలీసులు చర్య తీసుకోగలరు. ఈ సంగతి ఇళ్లలో తెలియాలి.

హత్యల కంటే మనం తక్కువ మాట్లాడుకునేది ఆత్మహత్య. అమెరికాలో 2021లో తుపాకి వల్ల చనిపోయిన 48,830 మందిలో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవాళ్లే. పిల్లల చేతికి అందకుండా తుపాకి తాళంలో పెట్టాలనే చట్టాలున్న రాష్ట్రాల్లో పిల్లల ఆత్మహత్యలు, ప్రమాదాలు తగ్గాయని అక్కడి రాండ్ అనే పరిశోధన సంస్థ అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టి చెప్పింది. తుపాకీ చట్టాల్లో ఇంత గట్టి ఆధారం దొరికినవి తక్కువ. కాబట్టి లైసెన్సున్నవాళ్లు ఈ ఒక్క పని మాత్రం పక్కాగా చేయాలి. రివాల్వర్ అయితే సిలిండర్ పక్కకు తెరిచి, ఆరు గదులూ ఒక్కొక్కటి వేలితో తడిమి ఖాళీ అని చూసుకోవాలి. కంటి చూపు చాలదు, మసకలో ఒక రౌండు (తూటా) కనపడకుండా ఉండొచ్చు. 12 బోరైతే బ్యారెల్ కిందికి వంచి తెరిచి రెండు గొట్టాల్లోంచి వెలుతురు చూడాలి. ఖాళీ తుపాకి గోడకు బిగించిన లాకర్‌లో, రౌండ్లు వేరే తాళంలో ఉండాలి. రెండింటి తాళంచెవులూ ఒకే గుత్తిలో ఉంటే పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. బీరువాలో చీరల కింద పెట్టడం దాచడం కాదు, పిల్లలు అన్నిటికన్నా ముందు వెతికేది అక్కడే.

రెన్యువల్ గడువుకు రెండు నెలల ముందే దరఖాస్తు వేయండి. తేదీ దాటితే ఆయుధం ఠాణాలోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలి. నారాయణగూడ నుంచి కూకట్‌పల్లికి ఇల్లు మారితే కమిషనరేట్ మారినట్టే, కొత్త కమిషనరేట్‌లో నమోదు చేయించుకోవాలి. లైసెన్సులో ఒకేసారి ఎన్ని రౌండ్లు ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు అని రెండు అంకెలుంటాయి. డీలర్ ప్రతి కొనుగోలూ అందులో ఎక్కిస్తాడు, మీరూ సరిచూసుకోండి. పెళ్లి బారాత్‌లో గాల్లోకి పేలిస్తే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్నికల సమయంలో జమ చేయమని నోటీసు వస్తే వాదన పెట్టుకోకుండా ఇచ్చి రసీదు తీసుకోండి. బ్యాంకు గార్డులు, పోటీల్లో ఆడే షూటర్ల లాంటివాళ్లకు మినహాయింపు ఉండొచ్చు, దానికి స్క్రీనింగ్ కమిటీ ఉంటుంది.

పిల్లల్ని షూటింగ్‌లో చేర్పించాలనుకునేవాళ్లకు ఒక మాట. 10 మీటర్ల పోటీల్లో వాడే 0.177 అంగుళాల బోరు ఎయిర్ రైఫిల్, పిస్టల్ 20 జౌళ్ల శక్తి దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. ఈ భయాలన్నీ వాటికి అంటగట్టకండి.

గేటెడ్ కమ్యూనిటీలు, నగల దుకాణాలు సాయుధ గార్డును పెట్టుకునేటప్పుడు ఏజెన్సీ మాట మీద వదిలేయకూడదు. గార్డు లైసెన్సు అసలు కాపీ అడగండి. యూఐఎన్ ఉందా, గడువు ఉందా, అది చెల్లే ప్రాంతంలో తెలంగాణ ఉందా చూడండి. వేరే రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఆ రాష్ట్రానికే పరిమితమైతే ఇక్కడ ఆ తుపాకి అక్రమమే. తర్వాత తుపాకి మీద చెక్కిన నంబరును లైసెన్సులోని నంబరుతో అంకె అంకె కలపండి. చెక్కిన చోట గీకినట్టు, మళ్లీ గుద్దినట్టు ఉంటే ఆ మనిషిని కాపలాకు పెట్టకుండా స్థానిక ఠాణాకు తెలపండి. సొంత ప్రాణరక్షణకు ఇచ్చిన లైసెన్సుతో జీతానికి కాపలా కాస్తున్నాడా అన్నది కూడా ఠాణాలోనే తేల్చుకోండి. ఈ పనికి అరగంట చాలు.

పాతబస్తీ దేవిడీల్లో, పాత దొరల కుటుంబాల్లో తాతల కాలం నాటి 12 బోరులు ఇంకా ఉన్నాయి. లైసెన్సుదారు చనిపోతే ఆ తుపాకి ఆటోమేటిక్‌గా కొడుక్కి రాదు. వారసులు ముందు దాన్ని ఠాణాలోనో డీలర్ దగ్గరో జమ చేసి, మరణ ధ్రువపత్రంతో, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రంతో లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా ఉన్నా బతికుండగానే వారసుడి పేరు మీదకు మార్చమని అడగొచ్చు. ఎవరికీ వద్దనుకుంటే డీలర్‌కు అమ్మేయొచ్చు, లేదా పోలీసులకు అప్పగించేయొచ్చు. ఏది చేసినా రసీదు మీద తుపాకి నంబరు, బోరు, రౌండ్ల లెక్క రాయించుకుని సంతకం, స్టాంపు వేయించుకోండి.